ఒక్క ఎండిన బోరుతో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలను చుట్టి రావడం ఎలా

అనంతపురం దగ్గర మా చేలో మూడో బోరు వేయించే ముందు పాయింటు చూడ్డానికి ఇద్దరు వచ్చారు. మొదటాయన అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చేనంతా నడిచాడు. చింతచెట్టు దాటగానే కాయ చేతిలోనే లేచి నిలబడింది. "ఈడ ఏపించండి సామీ, రెండంగుళాలకు తగ్గదు" అన్నాడు. మర్నాడు రెండో ఆయన ఇనుప కడ్డీలు, వైరు చుట్టలు, ఒక మీటరు పెట్టె తెచ్చాడు. కడ్డీలు నేలలో దిగ్గొట్టి, కరెంటు పంపి, కింద రాయి ఎక్కడ పగిలి ఉందో కాగితం మీద గీత గీసి చూపించాడు. ఇద్దరి పాయింట్లకూ మధ్య ఇరవై అడుగుల దూరం కూడా లేదు. ఎవరి మనసూ నొప్పించడం ఇష్టంలేక నాయన సరిగ్గా నడిమధ్యన బోరు బండి నిలబెట్టించాడు. ఏడు వందల అడుగులు పోయినా కంప్రెసర్ గాలికి తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ పైకి రాలేదు.

అప్పు తీరేదాకా ఇంట్లో ఎవరూ ఆ బోరు మాట ఎత్తలేదు. చాలా ఏళ్ల తర్వాత మా అక్క కూతురు "సైన్స్ ఫిక్షన్ ఏది, ఫాంటసీ ఏది మామా? మళ్లీ వాటిలో ఇన్ని రకాలేంది?" అని అడిగినప్పుడు నాకు ముందు ఆ ఇద్దరే గుర్తొచ్చారు. కాయ ఎందుకు లేచిందంటే మొదటాయన గంగమ్మ తల్లి దయ అంటాడు. ముల్లు ఎందుకు కదిలిందంటే రెండో ఆయన, తడి ఉన్న రాతిలో కరెంటు సులువుగా పోతుందని చెబుతాడు. ఒకే చేను, ఒకే కరువు, జవాబు చెప్పే తీరు వేరు. ఆ అమ్మాయికి ఆ బోరు పట్టుకునే ఈ రకాలన్నీ చూపించాను. ఆ పద్ధతే మీకూ చెబుతున్నాను. ఒక నోట్‌బుక్కు, కొన్ని నెలల ఆదివారాలు చాలు.

1. ముందు ఒక చోటు పట్టుకోండి

మీకు బాగా తెలిసిన చోటు ఒకటి ఎంచుకోండి. ఎండిన బోరు కావచ్చు, బెలుం గుహలు కావచ్చు, మీ వీధి చివరి పాడుబడిన మిద్దె కావచ్చు. పెద్దగా అందంగా ఉండాల్సిన పని లేదు. దాని వాసన, చప్పుడు, అక్కడ జనం ఏం మాట్లాడుకుంటారో మీకు తెలిసి ఉండాలి, అంతే. ఒక్కో రకం కథ గురించి తెలుసుకున్నప్పుడల్లా అదే చోటును ఆ రకంలో ఒక పేజీ రాసి చూడాలి. రకరకాల కథలకు రకరకాల చోట్లు ఎంచుకుంటే, తేడా చోటులో ఉందో కథలో ఉందో మీకే తెలియదు. చోటు మారకపోతే, మారేది కథ ఒక్కటే.

(రాయడం సంగతి సరే, మీ చేలో నిజంగానే నోరు తెరుచుకున్న ఎండిన బోరు ఉంటే ముందు దానికి మూత వేయించండి. పిల్లలు తిరిగే చోటు.)

2. అట్ట చూడొద్దు, మూడు ప్రశ్నలు అడగండి

రాకెట్ ఉంటే సైన్స్ ఫిక్షన్, కత్తి ఉంటే ఫాంటసీ అని చాలామంది సరుకును చూసి లెక్కేస్తారు. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే 1957లో వచ్చిన మాయాబజార్ సినిమాలోని ప్రియదర్శిని పెట్టెను తలుచుకోండి. తెరిచి చూస్తే మనసుకు ఇష్టమైనవాళ్లు కనిపిస్తారు. ఈ రోజు చూసే పిల్లలకు అది ల్యాప్‌టాప్‌లో వీడియో కాల్ లాగే ఉంటుంది. అయినా అది సైన్స్ ఫిక్షన్ కాదు. ఆ పెట్టె ఎలా పనిచేస్తుందన్న ఊసే కథ ఎత్తదు, మనమూ అడగం. పెట్టె ఉంది, అంతే.

కాబట్టి ఏ కథ చదివినా నోట్‌బుక్కులో మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ కథ నన్ను నమ్మమంటున్న ఒక్క అబద్ధం ఏది? అదెలా సాధ్యమో చెప్పే బాధ్యత కథ నెత్తిన వేసుకుందా, దాటేసిందా? ఆ అబద్ధానికి ఖరీదు ఎవరు కడుతున్నారు?

మొదటి ప్రశ్నలో "ఒక్క" అన్న మాట ముఖ్యం. ఏదైనా జరగొచ్చన్న చోట దేని మీదా ఆసక్తి మిగలదని ఇంగ్లీషు రచయిత హెచ్.జి.వెల్స్ తన నవలల సంపుటానికి 1933లో రాసుకున్న ముందుమాటలో చెప్పాడు. ఒక అబద్ధం చెప్పి మిగతాదంతా నిజాయితీగా నడపడమే ఆయన పద్ధతి. మా ఊళ్లో చీటీలు నడిపేవాళ్లది కూడా అదే పద్ధతి.

3. మీటరు పెట్టె ఆయన కథలు

సైన్స్ ఫిక్షన్‌లో మొదట తేల్చుకోవలసింది హార్డ్, సాఫ్ట్ అన్న తేడా. సైన్స్ లెక్క తప్పకూడదని పట్టుబట్టేది హార్డ్. సైన్స్‌ను సాకుగా తీసుకుని మనుషుల గురించి, సమాజం గురించి మాట్లాడేది సాఫ్ట్.

ఈ తగువు చాలా పాతది. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865 నవలలో మనుషులను పెద్ద ఫిరంగిలో పెట్టి చంద్రుడి మీదికి పేలుస్తాడు. వెల్స్ 1901 నవలలో భూమ్యాకర్షణను అడ్డుకునే లోహం ఒకటి కనిపెట్టి, దానితో చేసిన గోళంలో పంపిస్తాడు. నేను భౌతికశాస్త్రాన్ని వాడుకుంటాను, ఆయన కల్పించుకుంటాడు అని వెర్న్ ముసలితనంలో ఫిర్యాదు చేశాడు. తమాషా ఏమిటంటే, వెర్న్ ఫిరంగిలో కూర్చుంటే పేలిన క్షణంలోనే ఆ విసురుకు మనుషులు నుజ్జవుతారు. హార్డ్ అనేది లెక్క కచ్చితంగా సరిపోవడం కంటే, లెక్క చూపించి తీరాలన్న పట్టుదల అని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మన బోరు. దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో 2.8 కిలోమీటర్ల లోతున, రాతి పగుళ్లలోని నీటిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. దానికి సూర్యకాంతితో పని లేదు. రాతిలోని యురేనియం వంటి లోహాల రేడియోధార్మికత వల్ల నీరు విడిపోయి పుట్టే హైడ్రోజన్‌తో బతుకుతుంది. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరులో "ఆడాక్స్ వియాటర్" అన్న లాటిన్ మాటలున్నాయి. సాహస యాత్రికుడు అని అర్థం. వెర్న్ 1864లో రాసిన భూగర్భ యాత్ర నవలలోని రహస్య సందేశం నుంచి ఆ మాటలు తీసుకున్నారు. కథలోంచి సైన్స్‌లోకి ఒక పేరు అలా నడిచి వచ్చింది.

మనకూ పులివెందుల పక్కన తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అనంతపురం కింద ఉన్నదంతా గట్టి రాయి, నీళ్లున్నా ఆ పగుళ్లలోనే ఉండాలి. "ఏడు వందల అడుగుల దగ్గర పైకొచ్చిన పొడిలో బతికున్నదేదో ఉంది" అని ఒక వాక్యం రాసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టండి. అది ఏం తింటుంది, పైకొస్తే గాలికి చస్తుందా, పొడి పట్టుకెళ్లిన బోరు బండి కుర్రవాడికి ఏమవుతుంది? ఒక్కో జవాబుకూ కారణం రాయాలి. చేయి నొప్పి పుడితే మీరు హార్డ్ రాస్తున్నట్టే.

అదే పొడిని సాఫ్ట్‌గా రాయాలంటే జీవి గురించి రెండు వాక్యాలు చాలు. ఆ చేను ఎవరిది, ఆ జీవి మీద హక్కు రైతుదా, అప్పిచ్చినవాడిదా, ప్రభుత్వానిదా అన్న పంచాయితీయే కథ.

4. కాలంలో వెనక్కి పోయే ముందు ఒక షరతు పెట్టుకోండి

కాలయాత్రకు మనవాళ్లకు పరిచయం అక్కర్లేదు. 1895లో వెల్స్ కాలయంత్రాన్ని పుస్తకంలోకి తెస్తే, 1991లో సింగీతం శ్రీనివాసరావు ఆదిత్య 369 తీసి మనల్ని శ్రీకృష్ణదేవరాయల కొలువుకూ, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికీ తీసుకెళ్లాడు. చాలామంది ఇక్కడే ఉత్సాహపడి మునుగుతారు. రాయడానికి ముందే, చదివేటప్పుడైతే మొదటి యాభై పేజీల్లోనే తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఈ కథలో గతం మారుతుందా, మారదా?

బోరుతో చూద్దాం. నేను వెనక్కి వెళ్లి "నాయనా, ఆ బోరు వేయించొద్దు" అని చెప్పాననుకోండి. ఆయన విన్నాడు. బోరు లేదు, అప్పు లేదు. అప్పు లేకపోతే నేను చదువు మధ్యలో ఆపి టౌనుకు పనికి రాను. పనికి రాకపోతే సాయంత్రాలు లైబ్రరీలో కూర్చోను. వెల్స్ చేతికి చిక్కడు, కాలయంత్రం ఆలోచనే రాదు. మరి వెనక్కి వెళ్లి చెప్పిందెవరు? ఈ ముడికి మూడు దారులున్నాయి. ఎంత చెప్పినా నాయన వినడు, గతం మారదు. లేదా విన్న నాయన వేరే లోకంలో నాయన, నా లోకంలో అప్పు అలాగే ఉంటుంది. లేదా చెప్పిన మరుక్షణం నేనే మాయమవుతాను. ఏదైనా ఫరవాలేదు, మధ్యలో దారి మాత్రం మార్చకూడదు. షరతు మార్చిన కథను పాఠకుడు క్షమించడు.

దీనికి చెల్లెలు ప్రత్యామ్నాయ చరిత్ర. యంత్రం ఉండదు. చరిత్రలో ఒక్క మలుపు మార్చి, ఆ తర్వాత ఏమయ్యేదో నిదానంగా చూపిస్తుంది. మన సీమలో ఇలాంటి మలుపులకు కొదవే లేదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేయకపోయి ఉంటే? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు 1956 తర్వాత కూడా రాజధానిగానే ఉండిపోయి ఉంటే? దీన్ని రాయమంటే అందరూ అసెంబ్లీ, మంత్రులు అంటూ మొదలుపెడతారు. అది వద్దు. కొండారెడ్డి బురుజు దగ్గర ఒక టీ అంగడి తీసుకోండి. 1985లో ఆ అంగడి బాడుగ ఎంత, బల్ల మీద ఎవరు కూర్చున్నారు, ఏ ఊరి యాస వినిపిస్తోంది? రాజధాని ఉందన్న మాట ఎక్కడా రాయకుండా ఆ అంగడిలోనే తెలియాలి.

స్టీమ్‌పంక్ కూడా ఈ ఇంటి బిడ్డే. ఆవిరి యంత్రాల కాలం ముగియకుండా అక్కడి నుంచే లోకం ముందుకు పోయిందనుకుని రాసేవి. ఆ మాటను 1987లో కె.డబ్ల్యూ.జీటర్ అనే రచయిత సరదాగా పుట్టించాడు. గుంతకల్లు జంక్షన్‌ను ఒక్కసారి ఆ కళ్లతో చూడండి, ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

5. యంత్రం, యజమాని, నీళ్ల మీటరు

"రోబో" అన్న మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం నుంచి వచ్చింది. దాని మూలమైన "రోబొటా" అన్న చెక్ మాటకు అర్థం వెట్టిచాకిరి. ఈ సంగతి తెలిశాక రోబోల కథలన్నీ నాకు వేరుగా కనబడ్డాయి. అవి యంత్రాల కథలని అనుకునేవాణ్ని. జీతం లేకుండా పని చేసేవాడు ఒకరోజు తల ఎత్తితే ఏమవుతుందన్నది వాటి అసలు ప్రశ్న. మన పల్లెల్లో జీతగాళ్ల కథలు విన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

ఆ ప్రశ్నను ఊరంతటికీ పరిస్తే డిస్టోపియా. అందరి మంచికేనని చెప్పి కట్టిన వ్యవస్థ అందరి గొంతూ నొక్కే కథ. హక్స్లీ 1932 నవల 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో సుఖంతో నొక్కాడు, ఆర్వెల్ 1949 నవల '1984'లో భయంతో నొక్కాడు. రెండూ చదివి, మన ఊరికి ఏది సరిపోతుందో మీరే తేల్చుకోండి. బోరుకు డిస్టోపియా రాయాలంటే ఒక నీళ్ల మీటరు చాలు: తాగిన ప్రతి గ్లాసూ లెక్కకెక్కుతుంది, ఎక్కువ దాహం వేసినవాడి పేరు పంచాయతీ బోర్డు మీద పడుతుంది.

సైబర్‌పంక్ దీని పట్నం రూపం. 1983లో బ్రూస్ బెత్కే కథకు ఆ పేరు శీర్షికగా వచ్చింది, మరుసటి ఏడాది విలియం గిబ్సన్ నవలతో అదొక ఒరవడి అయింది. టెక్నాలజీ ఆకాశంలో, బతుకు మురిక్కాలవ పక్కన. నియాన్ లైట్లు, నల్లకోట్లు లేకపోతే సైబర్‌పంక్ కాదని కొందరు పొరపడతారు. లోను యాప్‌లో అప్పు తీసుకుని, కాంటాక్టు లిస్టులో ఉన్న బంధువులందరికీ మెసేజీలు పోతాయేమోనని టెన్షన్‌తో ఫోను పట్టుకుని కూర్చున్న కుర్రవాడు చాలు. ఆ కథలో సగం ఇప్పటికే జరుగుతోంది.

స్పేస్ ఒపేరా గురించి నేను ఎక్కువ చెప్పను. గ్రహాల మధ్య రాజ్యాలు, యుద్ధాలు, వంశాల పగలు. ఫ్యాక్షన్ కథలకు నౌకలు తగిలిస్తే వచ్చేది అదే అని మా స్నేహితుడొకడు అంటాడు. పూర్తిగా నిజం కాదు గానీ, చదివేటప్పుడు ఆ మాట గుర్తొచ్చి నవ్వొస్తుంది.

6. వాన లేని ఊరి కథలు

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఉంటూ క్లైమేట్ ఫిక్షన్ కొత్త రకం అంటే నమ్మబుద్ధి కాదు. వాతావరణం మారడం వల్ల మనుషుల బతుకు ఎలా మారుతుందో చూపించే కథలివి. ఎక్కువమంది వరదలు, మునిగిన నగరాలు రాస్తారు. కరువు రాయడం కష్టం. కరువులో ఏమీ జరగదు. రోజూ ఏమీ జరగకపోవడమే కరువు. అందుకని చిన్నదాన్ని పట్టుకోండి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతపు ముళ్లపొదల్లో మళ్లీ కనిపించింది. రాత్రిపూట తిరిగే పిట్ట. నిండా ఎనభై ఆరేళ్లు అది ఎక్కడికీ పోలేదు, మనకే కనబడలేదు. 2086లో ఆ పొదల పక్కన టార్చిలైటు పట్టుకుని కూర్చున్న మనిషి ఏం వెతుకుతుంటాడో రాయండి.

అన్నీ ఏడుపు కథలే అక్కర్లేదు. సోలార్‌పంక్ అని ఒక రకం ఉంది. మనుషులు ప్రకృతితో సర్దుకుని, ఎండనూ గాలినీ వాడుకుంటూ బాగుపడిన లోకాన్ని చూపిస్తుంది. ఆ పేరు ఈ మధ్యది. పని మాత్రం పాతది. 1905లో మద్రాసు నుంచి వచ్చే ఒక మహిళల పత్రికలో బెంగాలీ రచయిత్రి రోకియా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన సుల్తానా కల కథ అచ్చయింది. అందులో ఆడవాళ్లు రాజ్యం నడుపుతారు, మగవాళ్లు ఇంటి నాలుగు గోడల మధ్య ఉంటారు. ఆడవాళ్ల విశ్వవిద్యాలయం ఒకటి ఆకాశంలోకి బెలూను పంపి, గొట్టాలతో గాలిలోని నీటిని నేరుగా దించుకుంటుంది. ఇంకొకటి సూర్యుడి వేడిని పోగుచేసి దాచుకుంటుంది.

నూట ఇరవై ఏళ్ల నాటి ఆ కథను ఎన్‌పీ కుంట సోలార్ పార్కు చూసొచ్చిన రోజు చదివాను. నల్లటి పలకలు కనుచూపు మేర. అంచున ఇద్దరు ఆడవాళ్లు చీపుళ్లతో నీడ కోసం వెతుక్కుంటున్నారు. రోకియా కథలో ఆ ఇద్దరు ఎక్కడుండేవాళ్లో ఆలోచిస్తే నాకు ఒక పేజీ కథ దొరికింది. మీకు దొరకాల్సింది మీరే వెతుక్కోండి.

7. కొబ్బరికాయ ఆయన కథలు, మా అవ్వ పరీక్ష

డిగ్రీలో చేరిన కొత్తలో ఒక కథ రాశాను. కరువు ఊరికి ఒక మంత్రగాడు వస్తాడు, మంత్రం వేస్తాడు, వాన పడుతుంది, అందరూ సంతోషిస్తారు. చెనక్కాయలు ఒలుస్తున్న అవ్వ పక్కన కూర్చుని చదివి వినిపించాను. అవ్వ చేయి ఆపకుండానే అడిగింది.

"అంత మంత్రం వచ్చినోడు పోయిన కరువుకు యాడికి పోయినాడ్రా?"

నా దగ్గర జవాబు లేదు.

"వాన కురిపిస్తే వానికేం పోయింది?"

"ఏం పోలేదవ్వా."

"అట్లయితే రోజూ కురిపిస్తాడు. ఇంగ కథేముంది?"

వారం తర్వాత మార్చి తెచ్చాను. ఈసారి వాన పడిన ప్రతిసారీ మంత్రగాడు తనకు తెలిసిన ఒక మనిషి పేరు మర్చిపోతాడు. ఊరిని నాలుగేళ్లు కాపాడాక, నీళ్లు తెచ్చిచ్చిన పిల్లను "ఎవరమ్మా నువ్వు?" అంటాడు. ఆ పిల్ల అతని కూతురే. అవ్వ గంపలో చేయి అలాగే పెట్టుకుని కాసేపు ఊరుకుంది. "ఇంగొకసారి చదువు" అంది.

ఫాంటసీ మొత్తానికి నాకు తెలిసిన పరీక్ష ఇదే. మంత్రానికి హద్దూ ఖరీదూ ఉండాలి. మన పాత కథలకు ఇది బాగా తెలుసు. బేతాళ కథల్లో షరతు చూడండి: జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది, చెబితే మౌనం వీడి శవం చెట్టెక్కుతుంది. రెండు వైపులా నష్టమే. 1951లో వచ్చిన పాతాళభైరవిలో కోరింది ఇచ్చే బొమ్మ ఊరికే రాదు, ఒక వీరుణ్ని బలివ్వాలి. మాంత్రికుడు తోటరాముణ్ని తెచ్చిందే అందుకు, చివరికి ఆ ఖరీదు మాంత్రికుడే కట్టాడు. ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి మన తాడిపత్రిలో పుట్టినవాడు. 1947 జూలైలో చక్రపాణితో కలిసి చందమామ మొదలుపెట్టిన బి.నాగిరెడ్డిది కడప జిల్లా. తెలుగు పిల్లలకు రాక్షసులనూ మాంత్రికులనూ పంచిపెట్టిన ఈ ఇద్దరూ వాన పడని జిల్లాల వాళ్లే కావడం గురించి నేను అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను.

ఇంకా వెనక్కి పోవాలంటే నంద్యాల. పదహారో శతాబ్దంలో పింగళి సూరన అక్కడి రాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయం ఏ పురాణం నుంచీ తీసుకున్న కథ కాదు, సొంత కల్పన. బ్రహ్మ సరస్వతికి సరసంగా చెప్పిన ఒక కథ భూమ్మీద నిజంగా జరుగుతుంది. కథలోంచి కథ, రూపాలు మార్చుకునే మనుషులు, అసలెవరో మాయ ఎవరో తెలియని తికమక. పద్యాలకు భయపడేవాళ్లు వచనంలో వచ్చిన సారాంశంతో మొదలుపెట్టండి, తప్పేం లేదు.

ఈ పరీక్ష చేతిలో ఉంటే ఫాంటసీ రకాలు తేలిగ్గా విడిపోతాయి. మంత్రం ఎక్కడుంది అని చూస్తే చాలు. ఎపిక్ ఫాంటసీలో లోకమంతా వేరేది. దానికి సొంత పటం, భాషలు, వందల ఏళ్ల చరిత్ర ఉంటాయి. టోల్కీన్ 1954, 55లలో 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటాల్లో వేసిన బాట అది. మీ బోరును ఇందులో రాయకండి, ఒక పేజీలో తేలదు. పోర్టల్ ఫాంటసీలో మన లోకం నుంచి ఒక ద్వారం ద్వారా అవతలికి పోతాం. దీనికి బెలుం గుహలను మించిన చోటు లేదు. కొలిమిగుండ్ల పక్కన చేల మధ్య మామూలు గుంటలా కనిపించి, లోపలికి దిగితే 3,229 మీటర్లు సాగుతుంది. అన్నిటికన్నా లోతైన చోట పాతాళగంగ. అక్కడ ఒక పాయ భూమిలోకి దిగిపోయి కనబడకుండా పోతుంది. వెళ్లి ఆ చప్పుడు వినండి, కథ మీ వెనకే మెట్లెక్కి వస్తుంది.

అర్బన్ ఫాంటసీలో మంత్రం మన వీధిలోకే వస్తుంది: అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆటో స్టాండులో మీటరు వేయమంటే ఒప్పుకోని యక్షుడు. మ్యాజిక్ రియలిజం దీనికి దగ్గరగా కనిపిస్తుంది గానీ తేడా ఉంది. అక్కడ వింత జరిగినా ఎవరూ వింతపడరు. ఎండిన బోరులోంచి ప్రతి అమావాస్యకూ చనిపోయిన తాత దగ్గు వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లు "మిరియాల కషాయం పోయండి" అంటారు, పోస్తారు, పనుల్లో పడతారు. కంగారుపడి పూజారిని పిలిస్తే అది హారర్ అవుతుంది. హారర్ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

8. పాత కథను అడ్డం తిప్పండి

ఇది కాస్త కష్టమైన మెట్టు, నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టం. పురాణాన్నో స్థల కథనో తీసుకుని, అందులో నోరు లేనివాళ్లకు నోరివ్వడం. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగితే, ఊరి కోడలు ముసలమ్మ బలైతేనే నిలుస్తుందని చెప్పారట. ఆమె వెళ్లి నీళ్లలో కలిసిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని కావ్యంగా రాశాడు, మేమంతా ఆ కట్ట మీద నడుస్తూ పెరిగాం.

ఇప్పుడు మూడో ప్రశ్న అడగండి. ఖరీదు ఎవరు కట్టారు? ఎవరు కట్టించారు? ఆమె "నేను రాను" అని ఉంటే ఆ రాత్రి ఊరు ఏం చేసేది? ఒకటి గుర్తుంచుకోండి. ఆ కథను భక్తితో తలుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎగతాళి చేయడానికి రాయొద్దు, ఆమెకు మాటివ్వడానికి రాయండి.

9. ఏ వరుసలో చదవాలి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మేనకోడలికి నేను మొదట ఇచ్చింది ఏడు వందల పేజీల స్పేస్ ఒపేరా. నలభయ్యో పేజీ దగ్గర తిరిగిచ్చింది. "పేర్లే నోరు తిరగట్లేదు మామా, ఎవరు ఎవరికి ఏమవుతారో చీటీ రాసుకోవాల్సి వస్తోంది" అంది. పెద్ద నవలతో మొదలుపెట్టొద్దు. చిన్న కథలతోనే ఈ రకాలను తెలుసుకోండి. వారానికి ఒక రకం, రకానికి రెండు కథలు. ఒకటి పాతది, ఒకటి ఈ పదేళ్లలో వచ్చింది. రెండిటినీ పక్కపక్కన పెడితే ఆ రకం ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

లైబ్రరీకి వెళ్తే సైన్స్ ఫిక్షన్ అని విడిగా బీరువా ఉంటుందని ఆశ పెట్టుకోకండి. బాలసాహిత్యం, అనువాదాలు, డిటెక్టివ్ నవలలు ఉన్న అరల్లో వెతకాలి. వెర్న్, వెల్స్ నవలలకు తెలుగులో పిల్లల కోసం కుదించినవి దొరుకుతాయి, మొదట అవి చాలు. పాత చందమామ బైండ్లు కనబడితే వదలొద్దు. ముప్పై పేజీలు చదివాక కూడా మూడు ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబు దొరక్కపోతే ఆ పుస్తకం మూసేయండి. మంచి పుస్తకమే కావచ్చు, ఇప్పుడు మీకోసం కాదు.

రాసిన పేజీలను సాహిత్యం తెలిసినవాళ్లకు చూపించే ముందు, తెలియనివాళ్లకు చదివి వినిపించండి. వాళ్లు రకం పేరు అడగరు. "అయితే వాడెందుకు అట్ల చేసినాడు?" అంటారు. అక్కడే కథలో చిల్లు కనబడుతుంది.

మేనకోడలు బోరు మీద ఇప్పటికి పదకొండు పేజీలు రాసింది. పన్నెండోది పోయిన ఆదివారం చేలోనే, మూత వేసిన ఆ బోరు గట్టు మీద కూర్చుని చదివి వినిపించింది. అందులో ఒక అమ్మాయి కేసింగ్ పైపుకు చెవి ఆనించి వింటుంది. నీళ్ల శబ్దం కాదు. చాలా లోతున, లయగా, రాతిని తొలుస్తున్న చప్పుడు. కింద నుంచి ఎవరో పైకి బోరు వేస్తున్నారు.

"ఇది ఏ రకం?" అని అడిగాను.

"వాళ్లకు ఏం కావాలో ఇంకా తెలియదు మామా" అని నోట్‌బుక్కు మూసింది. కాసేపటికి ఇద్దరం వంగి, మూత మీద చెవి పెట్టి చూశాం.